గోడ అవతలి చప్పుడు

“ఇది కాదర్రా,” అంది అత్తగారు. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు రెండూ పీకి దుప్పటి మీదకు విసిరేసింది. “పాతది పెట్టండి. నాకు పాతదే కావాలి.”

చిన్నకోడలు గడియారం వైపు చూసింది. ఎనిమిదిన్నర. పదకొండింటికి అత్తగారు ఆపరేషన్ బల్ల మీద ఉండాలి. అదీ మూడోసారి.

మొదటిసారి ముఖం మీద గుడ్డ కప్పగానే లేచి కూర్చుంది. రెండోసారి దీపం దగ్గరకు తెచ్చేసరికి నర్సును పక్కకు నెట్టి బల్ల దిగిపోయింది. గుండె బలహీనం కనక మత్తిచ్చి పడుకోబెట్టడానికి వీల్లేదు. ఎడమ కన్ను చిన్ననాటి జ్వరంలోనే పోయింది. మిగిలిన కుడికంటికి ఇప్పుడు పొర కమ్మి, ఎదురుగా ఉన్న మనుషులు కూడా నీడల్లా కనిపిస్తున్నారు. కళ్ళ డాక్టరమ్మ ఉన్నమాట మొహం మీదే చెప్పేసింది. ఇరవై నిమిషాలు కదలకుండా పడుకుంటే చేస్తాను, ఈసారి కూడా లేచారంటే ఇక ఆ కంటి జోలికి నేను రాను అని.

“అది అదేనమ్మా,” అన్నాడు చిన్నకొడుకు మంచం పక్కన కూర్చుని. “అదే గొంతు, అవే మాటలు. నిజానికి ఇంకా బాగుంది.”

“గొంతుందిరా. ఇల్లేది?”

అతను ఒకటి తీసి తన చెవిలో పెట్టుకుని విన్నాడు.

చిన్నకొడుకు పని సినిమాలకు మాటలు రికార్డు చేసే స్టూడియోలో. మూడిళ్ళ అవతల కుళాయి కారితే ఈయనకు నిద్ర పట్టదు. ఇంట్లో వాళ్ళు ముద్దుగా చెవులాయన అంటారు. భార్య అంత ముద్దుగా కాకుండానే అంటుంది.

“ఇంకా బాగుండటమేమిటి?” అంది ఆవిడ. “ఏం చేశారు మీరు?”

“నువ్వేగా అన్నావు వెనకాల గోలగా ఉందని. రాత్రంతా కూర్చుని తీసేశాను. ఇప్పుడు అద్దంలా ఉంది, విను.”

“పాతది?”

చెవులాయన ఫ్యాను వంక చూశాడు.

“పాతదేదండీ?”

“శుభ్రం చేశాక పాతది ఉంచుకోం. స్టూడియోలో అలవాటు...”

చిన్నకోడలు తన ఫోన్ తీసి వెతికింది. అందులోనూ లేదు.

ఆవిడ పని గొంతుతోనే. నడుములూ మెడలూ పట్టేసినవాళ్ళు వచ్చే నొప్పుల క్లినిక్‌లో రోగుల్ని పడుకోబెట్టి, మెల్లగా మాటలు చెబుతూ, ఊపిరి లెక్కపెట్టిస్తూ ఒళ్ళు వదులు చేయించడం. అదే పద్ధతిలో అత్తగారి కోసం ఇరవై నిమిషాలు మాట్లాడి, మూడు వారాల కిందట ఫోన్‌లో రికార్డు చేసింది. భుజాలు వదిలేయండి అత్తయ్యా, దవడ వదిలేయండి, నుదుటి మీద ముడత విప్పేయండి అంటూ. రోజూ రెండు పూటలా అది వింటూ, గుడ్డ ముఖం మీద కప్పుకుని పడుకోవడం అత్తగారికి అలవాటైంది. మొదటి వారంలోనే గుడ్డ కింద గురక వినిపించింది. పక్కింటి పిన్నిగారు వచ్చి చూసి, నీ గొంతులో ఏం మందుందమ్మా అని బుగ్గలు పుణికి వెళ్ళింది.

“చిన్నమ్మాయ్, నీ మీద కోపం కాదే,” అంది అత్తగారు, చేత్తో తడుముకుని కోడలి మణికట్టు పట్టుకుంటూ. “ఇందులో నువ్వు ఒక్కదానివే ఉన్నావు. నూతిలోంచి మాట్లాడుతున్నట్టుంది. అక్కడ కళ్ళు మూసుకుంటే నన్ను అక్కడే వదిలేసి పోతారేమో అనిపిస్తోంది. ముందు దాంట్లో గోడ అవతల పెద్దమ్మాయి మిషన్ కుట్టుకుంటూ ఉండేది కదా. ఇంట్లో ఒకరు మేలుకుని పని చేసుకుంటుంటే, ఇక మనం కళ్ళు మూసుకోవచ్చులే అని ధైర్యంగా ఉండేది.”

చిన్నకోడలు రెండో చేత్తో దుప్పటి మీదివి ఏరి పక్కన పెట్టింది.

“అసలు నాలుగు రోజులుగా మిషనే వినబడటం లేదు,” అంది అత్తగారు. “ఆ గదికి సున్నాలు ఇంకెన్నాళ్ళు వేస్తారర్రా?”

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ గదికి సున్నం వేయడం లేదు. ఆ గది ఖాళీ అవుతోంది.

ఐదు రోజుల కిందట క్లినిక్‌లో పెద్ద డాక్టరు ఆ రికార్డింగు విని తెగ మెచ్చుకున్నాడు. వెనకాల ఆ టకటకలు లేకుండా ఉంటే మన రోగులందరికీ ఇద్దును అన్నాడు. ఆ మెప్పు తలకెక్కి ఇంటికి వచ్చిన చిన్నకోడలు, చెప్పులైనా విడవకుండా పెద్దకోడలి గుమ్మంలో నిలబడి, నీ మిషన్ గోలతో నా కష్టమంతా పాడు చేశావక్కా, ఈ ఇంట్లో అత్తయ్య కోసం పాటుపడేది నేనొక్కదాన్నే అయిపోయాను అనేసింది. పెద్దకోడలు తిరిగి ఒక్క మాట అనలేదు. సరే అని మిషన్‌కు మూత పెట్టేసింది. అక్కడే ఉన్న ఆవిడ భర్త, బావగారు మాత్రం ఊరుకోలేదు. తన ఆఫీసు దగ్గర అద్దెకు రెండు గదులు చూసి వచ్చాడు. ఆపరేషన్ అయ్యేదాకా అమ్మకు చెప్పొద్దు అన్నది ఒక్కటే అందరూ ఒప్పుకున్న మాట.

కింద వీధిలో వ్యాన్ నిలబడి ఉంది. సగం సామాను ఎక్కించేశారు.

“మీరు అత్తయ్యకు చీర మార్పించి కారు పిలవండి,” అంది చిన్నకోడలు లేస్తూ. “నేనిప్పుడే వస్తాను.”

రెండు గదుల మధ్యా దూరం పది అడుగులు. ఆ పది అడుగులూ వేయడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది.

పెద్దకోడలు నేల మీద కూర్చుని మూట కడుతోంది. తలెత్తకుండానే అంది.

“పెద్ద గరిటె మీది. వంటింట్లో పెట్టేశాను.”

మీది అన్న మాట చిన్నకోడలికి గుచ్చుకుంది. పదకొండేళ్ళలో ఆ ఇంట్లో గరిటెలకు మీదీ మాదీ అని పేర్లు లేవు.

“అక్కా, మిషన్ ఎక్కడుంది?”

“వ్యాన్‌లో. తాళ్ళు వేసి బిగించేశారు మీ బావగారు.”

“దాంతో పని పడింది.”

“గోలతో నీకేం పని?”

రోజుకు పదిమంది బిగుసుకుపోయిన మనుషుల్ని మాటలతో కరిగించే మనిషి మూట ముడి వంకే చూస్తూ నిలబడింది. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. పెద్దకోడలు మూటకు రెండో ముడి కూడా వేసింది.

చివరికి చిన్నకోడలు చతికిలబడి మొత్తం చెప్పేసింది. రాత్రి చెవులాయన చేసిన ఘనకార్యమూ, పొద్దున అత్తయ్య అన్న మాటా, ఏదీ దాచుకోలేదు.

“తీసేశాడా?” అంది పెద్దకోడలు. “అంతా?”

“అంతా.”

పెద్దకోడలు మూట పక్కకు నెట్టింది. “నేను మిషన్ ఊరికే తొక్కలేదే ఆ రోజు,” అంది మెల్లగా.

“అంటే?”

“నీ గొంతు గోడలోంచి వినబడుతూనే ఉంది. నువ్వు ఊపిరి తీసుకోండి అన్నప్పుడల్లా కాలు ఆపాను. వదలండి అన్నప్పుడు తొక్కాను. నువ్వు నెమ్మదిస్తే నేనూ నెమ్మదించాను. అత్తయ్యకు ఆ చప్పుడు అలవాటు కదా, అది ఆవిడ మిషనే కదా, నీ మాటతో కలిస్తే ఇంకాస్త కుదుటపడుతుందేమో అనుకున్నాను. ఆ పూట కుట్టిన నాలుగు స్కూలు చొక్కాల కాలర్లూ పాములు పాకినట్టు వచ్చాయి. అన్నీ విప్పి మళ్ళీ కుట్టుకున్నాను.”

“నాకు చెప్పలేదేం అక్కా?”

“నువ్వు అడగలేదుగా.”

మూడు వారాలుగా వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటుంటే చిన్నకోడలు తల వంచుకుని ఆ మెప్పంతా పుచ్చుకుంది. అందులో సగం పక్క గదిది. గోడ అవతల ఒక మనిషి తన ప్రతి మాటా చెవిన పెట్టుకుని, తన ఊపిరితో కాలు కలిపి, చేసిన పని పాడైతే కిక్కురుమనకుండా విప్పి కుట్టుకుందన్న సంగతి తెలిశాక ఆవిడకు సిగ్గు ముందు వచ్చింది. ఆ వెనకే కళ్ళు నిండాయి. తన పెళ్ళయిన కొత్తలో టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు గంజి కాచి తాగించింది ఈవిడే. అప్పుడూ చెప్పుకోలేదు.

ఆ ఇంట్లో ఒకరికొకరు థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. చెబితే ఒళ్ళు కాలుతోందేమో అని నుదురు ముట్టి చూస్తారు. చిన్నకోడలు వంగి అక్క పాదాలు రెండూ పట్టుకుంది.

“ఏయ్, ఏమిటిది? లే!”

“మొక్కడం లేదక్కా. ఈ కాళ్ళు నాకింకో ఇరవై నిమిషాలు కావాలి.”

పెద్దకోడలికి నవ్వొచ్చింది, ఆపుకుంది. గుమ్మంలో బావగారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో.

“పనిబడితే మిషను, పని లేకపోతే గోల. అంతేనా అమ్మా?” అన్నాడు.

“అవును బావగారూ, అలాగే అన్నాను. మీరు మర్చిపోవద్దు, నేనూ మర్చిపోను. అత్తయ్య కన్ను అయ్యాక ఎంత తిట్టాలనుంటే అంత తిట్టండి, నిలబడి పడతాను.”

ఆయన ఏదో అనబోయాడు. పెద్దకోడలు మూట ఎత్తి ఆయన చేతిలో పెట్టింది.

“వ్యాన్ ఆసుపత్రి మీదుగా పోనివ్వండి,” అంది. తర్వాత తోడికోడలి వైపు తిరిగింది. “అత్తయ్య కోసం చేస్తాను. చేసి వెళ్ళిపోతాను. అది వేరు, ఇది వేరు.”

పది గంటలకు వ్యాన్ ఆసుపత్రి వెనక, బళ్ళు నిలిపే చోట ఆగింది. చిన్నకొడుకు కారులో తెచ్చిన అత్తగారిని బావగారు లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. కంటిపాప పెద్దదయ్యేందుకు మధ్యమధ్యలో చుక్కలు వేస్తూ ముప్పావుగంట కూర్చోబెడతారు. ఆ ముప్పావుగంటే వీళ్ళకున్న గడువు.

బీరువాకూ పరుపుచుట్టకూ మధ్య మిషన్ ఇరుక్కుని ఉంది. తాళ్ళు విప్పారు. కూర్చోడానికి బియ్యం డబ్బా లాక్కున్నారు. చెవులాయన ఫోన్ పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

పెద్దకోడలు కాలు ఆనించి నాలుగుసార్లు తొక్కి, ఆపేసింది.

“ఇలా కాదు. కింద గుడ్డ లేదు. ఉత్త మిషన్ మోత వేరేగా ఉంటుంది. మనకు తెలియకపోయినా అత్తయ్యకు తెలిసిపోతుంది. పాతికేళ్ళు దాని మీదే కూర్చుంది ఆవిడ.”

చిన్నకోడలు మూటలో చెయ్యిపెట్టి చేతికి అందింది లాగింది. తెల్లటి దిండు గలీబు. పెద్దకోడలు దారం ఎక్కించి, గలీబును రెండు మడతలు వేసి సూది కింద పెట్టింది.

“నువ్వు మొదలుపెట్టు. నేను కలుస్తాను.”

“అత్తయ్యా, నేను చిన్నమ్మాయిని,” అని మొదలుపెట్టింది చిన్నకోడలు. “మీరు మన ఇంట్లోనే ఉన్నారు. భుజాలు వదిలేయండి. దవడ వదిలేయండి. మెల్లగా ఊపిరి తీసుకోండి...”

మిషన్ ఆగింది.

“...వదలండి.”

మిషన్ కదిలింది. పొడుగ్గా, తొందర లేకుండా, గుడ్డ లాగుతూ.

అవతల ఎవరో హారన్ కొట్టారు. చెవులాయన ఒళ్ళు జలదరించింది. కట్ అనబోతున్నట్టు చెయ్యి లేచింది. భార్య మాటలు ఆపకుండానే ఒక్క చూపు చూసింది. చెయ్యి దిగిపోయింది. ఆ తర్వాత నాలుగు హారన్లు మోగాయి, ఎవడో బండి వెనక్కి తియ్యవయ్యా అని అరిచాడు. పాపం ఆయన ప్రతిదానికీ పంటినొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టాడు కానీ ఫోన్ మాత్రం కదల్చలేదు.

పన్నెండో నిమిషంలో చిన్నకోడలి చూపు కిందికి జారింది. పెద్దకోడలి మడమలు పగిలి ఉన్నాయి. ఆ కాళ్ళు తన మాట కోసం ఎదురుచూస్తూ ఆగుతున్నాయి, మాట రాగానే కదులుతున్నాయి. పదకొండేళ్ళు పక్కపక్కనే ఉండి, ఈ కాళ్ళను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

“మీరు ఒక్కరే లేరు అత్తయ్యా,” అంది. “మీ పక్కన...”

గొంతు పూడుకుపోయింది. ఎంత ప్రయత్నించినా మాట బయటికి రాలేదు.

పెద్దకోడలు తలెత్తి చూసింది. కాలు ఆపలేదు. చెప్పేవాళ్ళు లేకపోయినా ఊపిరి తీసుకునేంతసేపు ఆగి, వదిలేంతసేపు తొక్కుతూ, ఇటు చూసి కళ్ళతోనే, కంగారేం లేదు, రా, అంది. మిషన్ ఒక్కటే నడిచింది. అలా ఒక నిమిషం. ఆ తర్వాత చిన్నకోడలు మళ్ళీ అందుకుంది.

“చెవులు మీరేమైనా చేసుకోండి, కన్ను మాత్రం నాది,” అంది డాక్టరమ్మ ఆపరేషన్ గది గుమ్మంలో, ఇయర్‌ఫోన్లు చూసి. అత్తగారి చెవుల్లో పెట్టనిచ్చింది. తలుపు మూసుకుంది. పదకొండూ అయిదు.

వరండాలో బల్ల మీద తోడికోడళ్ళిద్దరూ కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలారు. బావగారు స్తంభానికి ఆనుకుని వ్యాన్ తాళం వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. తలుపు తెరుచుకుని అత్తగారి కేక వినబడుతుందేమో అని అందరి చెవులూ అక్కడే ఉన్నాయి.

పెద్దకోడలి కాలు నేల మీద తనంతట తనే ఆడుతోంది. ఆగుతోంది, ఆడుతోంది. చిన్నకోడలు అది గమనించి, దానితో ఊపిరి కలిపింది. ఇన్నాళ్ళూ అందరికీ ఊపిరి నేర్పింది కానీ తనకెవరూ నేర్పలేదు. ఎంత హాయిగా ఉందో ఆవిడకు ఇప్పుడు తెలిసింది. కాసేపటికి మధ్యలో ఉన్న చోట్లోకి జరిగింది. పెద్దకోడలు పక్కకు జరగలేదు.

పదకొండున్నరకు డాక్టరమ్మ బయటికి వచ్చి మూతిగుడ్డ కిందికి లాగింది.

“కదల్లేదు,” అంది. “ఒక్కసారి మాత్రం తల కొంచెం లేచింది. నేను చేతులు వెనక్కి తీసేసుకున్నాను. మళ్ళీ ఆవిడే పడుకున్నారు. నా పని అయింది. చూపెంత వచ్చిందో రేపు పొద్దున పట్టీ విప్పితే తెలుస్తుంది.”

చిన్నకోడలు రెండు చేతులూ జోడించింది. ఎవరికో ఆవిడకే తెలియలేదు. డాక్టరమ్మకా, తలుపుకా, పక్కనున్న మనిషికా? అందరికీ అనుకోవచ్చు. అన్ని దండాలకూ సరిపడా కృతజ్ఞత ఉంది ఆవిడ దగ్గర ఆ క్షణంలో.

అత్తగారిని మంచం మీద వాలుగా కూర్చోబెట్టారు. కంటికి తెల్లటి పట్టీ. మొహం నిద్రలేచిన పసిపిల్ల మొహంలా తేటగా ఉంది. పెద్దకోడలు గలీబు మడిచి తల కింద పెట్టబోతుంటే, అత్తగారి వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. కుట్టు వెంట మెల్లగా నడిచాయి.

“ఇదేనా కుట్టింది?”

“అవునత్తయ్యా.”

“ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్ని గీతలే తల్లీ! దిండు పట్టదు ఇక ఇందులో.” నవ్వింది. “మధ్యలో చిన్నమ్మాయి గొంతు ఆగిపోయింది. నాకు గుండె గుభేలుమంది. లేవబోయాను కూడా. కానీ మిషన్ నడుస్తూనే ఉంది. ఆహా, పెద్దమ్మాయి పని మానలేదంటే ఇంట్లో అంతా బాగానే ఉందిలే అనుకున్నాను. పడుకున్నాను.”

రెండు చేతులూ చాచింది. ఒక చెయ్యి పెద్దకోడలికి అందింది, ఒకటి చిన్నకోడలికి.

“రేపు పట్టీ విప్పేటప్పుడు మీరిద్దరూ నా ఎదురుగా ఉండాలి. చూపంటూ వస్తే ముందు మిమ్మల్నే చూస్తాను. కన్నకూతుళ్ళు లేరని ఒకప్పుడు బాధపడేదాన్ని. ఎంత పిచ్చిదాన్నో.”

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుంది. పెద్దకోడలు తుడుచుకోలేదు, కారనిచ్చింది. గుమ్మం దగ్గర బావగారి వేళ్ళ మధ్య తాళం తిరగడం ఆగింది.

“అవునుగానీ,” అంది అత్తగారు, ఏదో గుర్తొచ్చినట్టు తల వాల్చి. “ఇది మన గదిలో తీసినట్టు లేదే. చుట్టూ హారన్లు. ఎవడో బండి వెనక్కి తియ్యమని అరుస్తున్నాడు.”

చెవులాయన భార్య వంక చూశాడు. భార్య పెద్దకోడలి వంక చూసింది.

“ఆ మిషన్ నేను కాపరానికి వచ్చిన ఏడాది ఆ గదిలో పెట్టింది,” అంది అత్తగారు, ఇద్దరి చేతులూ వదలకుండా. “ఇన్నేళ్ళలో గడప దాటలేదు. ఇవాళ వీధిలోకి ఎందుకొచ్చిందర్రా?”

అప్పటిదాకా నేల మీద ఆడుతున్న పెద్దకోడలి కాలు ఆగిపోయింది.